ముందు పరీక్ష, తరువాత జబ్బు: వృద్ధ సంరక్షణ గృహాల్లో యాంటీబయాటిక్ వాడకం

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 607 వృద్ధ సంరక్షణ గృహాలను, వాటిలో ఉండే లక్షా పదివేల మందికి పైగా వృద్ధులను పరిశీలించిన అధ్యయనం ఒకటి 2015లో వెలువడింది. ఒక్కో గృహంలో యాంటీబయాటిక్ మందుల వాడకం ఎంతో అందులో లెక్కగట్టారు. అతి తక్కువగా వాడే గృహంలో సగటున ఏ రోజు చూసినా వెయ్యి మందికి దాదాపు 20 మంది ఆ మందుల మీద ఉండగా, అతి ఎక్కువగా వాడే చోట ఆ సంఖ్య 193కు చేరింది. రాష్ట్రం ఒకటే, ప్రభుత్వ ఆరోగ్య బీమా ఒకటే, అక్కడ ఉండేవారి వయసులూ జబ్బులూ ఇంచుమించు ఒకటే. ఒక గృహంలోని వృద్ధులకు మరో గృహంలోని వారికంటే తొమ్మిది రెట్లు ఎక్కువగా అంటువ్యాధులు సోకుతాయని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. తేడా వస్తున్నది మందు రాసే అలవాటు దగ్గర. ఆ అలవాటు ఎలా ఏర్పడిందో, దాని వల్ల ఎవరికి ఏ నష్టం జరుగుతోందో చూడటం ఎందుకు అవసరమో ఈ ఒక్క లెక్కే చెబుతుంది.

ముందుగా ఒక మాట విషయంలో స్పష్టత కావాలి. తెలుగునాట నర్సింగ్ హోం అంటే పది పదిహేను పడకల చిన్న ప్రైవేటు ఆసుపత్రి అనే అర్థం స్థిరపడింది. కెనడా, అమెరికా దేశాల్లో ఆ మాటకు అర్థం వేరు. సొంతంగా స్నానం చేయలేని, మంచం దిగలేని, మతిమరపు వ్యాధితో ఉన్న వృద్ధులు ఏళ్ల తరబడి, చాలామంది విషయంలో చివరి వరకూ, ఉండే ఇల్లు అది. అక్కడ నర్సులు, సహాయకులు ఉంటారు కాని డాక్టరు రోజూ ఉండరు. ఎక్స్‌రే, రక్తపరీక్షల వంటి వసతులు చేతికందేంత దూరంలో ఉండవు. తరువాత చెప్పబోయే చిక్కులన్నీ ఈ అమరికలోనే మొదలవుతాయి.

అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం అంచనా ప్రకారం అక్కడి నర్సింగ్ హోంలలో ఉండేవారిలో ఏడాది కాలంలో 70 శాతం దాకా కనీసం ఒక్క కోర్సు యాంటీబయాటిక్ తీసుకుంటున్నారు. ఆ మందుల్లో 40 నుంచి 75 శాతం వరకు అవసరం లేకుండా రాసినవో, తప్పు మందో, తప్పు మోతాదో, తప్పు కాలవ్యవధో అయి ఉంటాయని ఆ సంస్థే చెబుతుంది. ఊపిరితిత్తులు, చర్మం, మూత్రనాళం అనే మూడు చోట్ల వచ్చే ఇన్ఫెక్షన్ల పేరు మీదనే ఈ మందుల్లో అధిక భాగం నడుస్తుంది. వీటిలో మూత్రం సంగతి ప్రత్యేకమైనది, ఎందుకంటే ఇక్కడ పొరపాటుకు దారి తీసేది నిర్లక్ష్యం కాదు, శ్రద్ధే.

వయసు పైబడినవారి మూత్రంలో బ్యాక్టీరియా ఉండటం చాలా సాధారణం. సంరక్షణ గృహాల్లో ఉండే స్త్రీలలో 25 నుంచి 50 శాతం, పురుషులలో 15 నుంచి 40 శాతం మందికి ఏ బాధా లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా కనిపిస్తుంది. యూరిన్ పైపు చాలాకాలంగా ఉన్నవారిలో దాదాపు నూటికి నూరు మందికీ కనిపిస్తుంది. వారిలో ఎవరి మూత్రాన్ని ఏ రోజు కల్చర్‌కు, అంటే క్రిములను పెంచి గుర్తించే పరీక్షకు, పంపినా రిపోర్టులో ఏదో ఒక క్రిమి పేరు వచ్చి తీరుతుంది. ఇలా బ్యాక్టీరియా ఉన్న వృద్ధుల్లో పదిమందికి తొమ్మిది మంది మూత్రంలో చీముకణాలు, అంటే ల్యాబ్ రిపోర్టుల్లో పస్ సెల్స్ అని రాసేవి, కూడా ఉంటాయి. కాబట్టి చీముకణాలు ఉన్నాయన్న ఆధారంతో జబ్బు ఉందని తేల్చడం కూడా కుదరదు. వయసులో ఉన్న స్త్రీకి మూత్రం పోసేటప్పుడు మంట పుడితే, కల్చర్‌లో క్రిమి కనిపిస్తే, ఆ రెంటినీ కలిపి చదవవచ్చు. ఎనభై ఆరేళ్ల స్త్రీకి ఏ మంటా లేనప్పుడు అదే కల్చర్ రిపోర్టు చెప్పేది ఆమె శరీరంలో బ్యాక్టీరియా కాపురం ఉందని మాత్రమే.

ఆ కాపురాన్ని ఖాళీ చేయిస్తే మేలు జరుగుతుందేమోనన్న ప్రశ్నకు నలభై ఏళ్ల కిందటే జవాబు దొరికింది. కెనడా వైద్యురాలు లిండ్సే నికోల్ బృందం సంరక్షణ గృహంలోని వృద్ధ స్త్రీలను రెండు వర్గాలుగా చేసి, లక్షణాలు లేని బ్యాక్టీరియాకు ఒక వర్గంలో మందు ఇచ్చి, రెండో వర్గంలో ఇవ్వకుండా చూసి, ఫలితాలను 1987లో ప్రచురించింది. మందు వాడినవారు వాడనివారికంటే ఎక్కువకాలం బతకలేదు, జబ్బు పడటమూ తగ్గలేదు. పైగా మందుల దుష్ప్రభావాలు పెరిగాయి, తిరిగి వచ్చిన బ్యాక్టీరియాలో మందులకు లొంగనివి ఎక్కువగా కనిపించాయి. తరువాతి పరీక్షలూ ఈ మాటనే బలపరచాయి. అమెరికాలోని అంటువ్యాధుల నిపుణుల సంఘం 2005లో, మళ్లీ 2019లో, ఇటువంటి వృద్ధులకు మూత్రపరీక్షలు చేసి బ్యాక్టీరియాను వెతకవద్దని, కనిపించినా మందు ఇవ్వవద్దని స్పష్టంగా రాసింది. ఇంత పాత, ఇంత గట్టి ఆధారం ఉన్న సూచన ఇంకా అమలులోకి సరిగా రాకపోవడం బాధ కలిగించే విషయం.

దీనికి కారణం గృహంలో నిర్ణయం జరిగే క్రమంలో ఉంది. మతిమరపు ఉన్న ఒక వృద్ధురాలు ఒక ఉదయం ఎప్పటికంటే మందకొడిగా ఉంటుంది, లేదా తికమకగా మాట్లాడుతుంది, లేదా అన్నం ముట్టదు. మూత్రం రంగు మారిందనీ వాసన వేస్తున్నదనీ సహాయకురాలు గమనిస్తుంది. బ్యాక్టీరియా, చీముకణాల జాడ ఉంటే రంగు మారే పరీక్ష పట్టీని నర్సు మూత్రంలో ముంచి చూస్తుంది. పట్టీ రంగు మారుతుంది, ఎందుకంటే అక్కడి స్త్రీలలో సగం మంది వరకు ఏ రోజైనా అది మారుతుంది. నర్సు డాక్టరుకు ఫోను చేసి పట్టీలో ఇన్ఫెక్షన్ కనిపించిందని చెబుతుంది. మనిషిని చూడకుండా ఫోనులో విన్న డాక్టరు, పక్కన ఆందోళన పడుతున్న పిల్లలను కూడా దృష్టిలో పెట్టుకుని, యాంటీబయాటిక్ చెబుతారు. రెండు మూడు రోజుల్లో ఆమె తేరుకుంటే మందు పనిచేసిందని అందరూ నమ్ముతారు. నిజానికి ఆ రోజుల్లో ఎక్కువ నీళ్లు తాగించడం వల్లనో, మలబద్ధకం తీరడం వల్లనో, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర ఆపడం వల్లనో తేరుకుని ఉండవచ్చు. ఈ గొలుసులో ఎవరూ ఉదాసీనంగా లేరు. మందు రాసింది డాక్టరే అయినా, పట్టీ ముంచిన క్షణంలోనే సగం నిర్ణయం అయిపోయింది.

తికమక సంగతిని కొంచెం వివరంగా చెప్పుకోవాలి. వృద్ధులకు హఠాత్తుగా మతి తప్పే స్థితిని, తెలుగులో పూర్వం సంధి అన్న దానిని, ఇప్పటి వైద్యులు డెలీరియం అంటారు. అది నిజంగా ప్రమాద సూచనే. అయితే ఒంట్లో నీరు తగ్గడం, సోడియం తగ్గడం, నొప్పి, మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం, కొత్త మందులు, నిద్ర లేకపోవడం, గుండెపోటు, న్యుమోనియా, వీటిలో ఏదైనా దానికి కారణం కావచ్చు. మూత్రంలో బ్యాక్టీరియా ఉందన్న మాట వినగానే వెతుకులాట ఆగిపోతుంది. అసలు కారణం అలాగే మిగిలిపోతుంది. అందుకే 2019 నాటి సూచనల్లో, జ్వరమూ మూత్రానికి సంబంధించిన బాధలూ లేకుండా తికమక మాత్రమే ఉన్న వృద్ధులకు వెంటనే యాంటీబయాటిక్ ఇవ్వకుండా, ఇతర కారణాలను వెతుకుతూ జాగ్రత్తగా కనిపెట్టి చూడమన్నారు. అనవసరపు మందు వల్ల జరిగే మొదటి నష్టం ఇదే: అది తప్పు జవాబుతో ప్రశ్నను మూసేస్తుంది.

రెండో నష్టం శరీరానికి. ఎనభై దాటినవారి మూత్రపిండాల పనితనం సగానికి పడిపోయి ఉండటం అరుదు కాదు. రోజుకు ఎనిమిది పది రకాల మాత్రలు మింగుతున్నవారికి మరొకటి కలిపితే ఏది దేనితో తగువు పడుతుందో ముందుగా చూడాలి. బీపీ కోసం రామిప్రిల్ వంటి మందులు, గుండె కోసం స్పైరనోలాక్టోన్ వాడేవారికి ట్రైమెథోప్రిమ్ అనే యాంటీబయాటిక్ ఉన్న మందు ఇస్తే రక్తంలో పొటాషియం ప్రాణాపాయ స్థాయికి పెరగవచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి, ట్రైమెథోప్రిమ్ కలిసిన కో-ట్రైమాక్సజోల్ గాని సిప్రోఫ్లోక్సాసిన్ గాని తోడైతే రక్తస్రావం జరగవచ్చు. సిప్రోఫ్లోక్సాసిన్, లివోఫ్లోక్సాసిన్ ఉన్న ఫ్లోరోక్వినలోన్ల వర్గానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే మందు పెట్టె మీద గట్టి హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. స్నాయువులు, ముఖ్యంగా మడమ పైనుండే స్నాయువు, తెగిపోయే ప్రమాదం 60 ఏళ్లు దాటినవారిలో, స్టెరాయిడ్లు వాడేవారిలో ఎక్కువ. ఇదే వర్గం మందులు తికమకనూ కలిగిస్తాయి, షుగరు మందులు వాడేవారిలో చక్కెరను ఒక్కసారిగా పడగొడతాయి. తికమక తగ్గించాలని ఇచ్చిన మందే తికమకను పెంచితే దాన్ని గుర్తుపట్టేవారు ఆ గృహంలో ఉంటారన్న హామీ లేదు.

మూడోది క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా తెచ్చే విరేచనాల జబ్బు. పేగుల్లో ఉండే మేలు చేసే సూక్ష్మజీవులను యాంటీబయాటిక్ తుడిచిపెట్టినప్పుడు ఇది తలెత్తుతుంది. దాని బీజాలు మంచాల మీద, తలుపు పిడుల మీద నెలల తరబడి బతుకుతాయి. చేతులకు రాసుకునే ఆల్కహాల్ ద్రావణానికి చావవు, సబ్బూ నీళ్లూ కావాలి. ఒకే సహాయకురాలు ఒక ఉదయం ఎనిమిది మందికి స్నానం చేయించే చోట అది ఒకరి నుంచి ఒకరికి ఎంత తేలికగా పోతుందో ఊహించవచ్చు.

ఒంటారియో అధ్యయనంలో అందరూ గుర్తుంచుకోవలసిన విషయం ఇక్కడే ఉంది. యాంటీబయాటిక్ ఎక్కువగా వాడే గృహాల్లో ఉన్నవారికి ఈ విరేచనాల జబ్బు, మందులకు లొంగని బ్యాక్టీరియా, అలెర్జీ, ఇతర దుష్ప్రభావాలు అన్నీ కలిపి చూస్తే, తక్కువగా వాడే గృహాల్లోని వారికంటే వాటిల్లే అవకాశం సుమారు 24 శాతం ఎక్కువగా తేలింది. తాము ఒక్క మాత్ర కూడా వాడనివారికి సైతం ఆ గృహంలో ఉండటం వల్లనే ముప్పు పెరిగింది. రక్తపోటు మాత్ర వేసుకుంటే దాని మంచిచెడులు వేసుకున్నవారివే. యాంటీబయాటిక్ అలా కాదు. పక్క మంచంలోని వ్యక్తికి రాసిన మందు ఈ మంచంలోని వ్యక్తి పేగుల వరకు వస్తుంది. అందువల్ల ఏ గృహంలోనైనా ఈ మందుల వాడకాన్ని ఒక్కొక్కరి చీటీగా కాక మొత్తం గృహం లెక్కగా చూడటం తప్పనిసరి.

ఎన్ని రోజులు వాడాలన్నదీ ఇలాగే అలవాటు మీద నడుస్తోంది. ఒంటారియోలోనే 2013లో వెలువడిన మరో పరిశీలనలో సంరక్షణ గృహాల్లోని యాంటీబయాటిక్ కోర్సుల్లో దాదాపు 45 శాతం ఏడు రోజులు దాటాయని తేలింది. వృద్ధుల జబ్బు తీవ్రత కంటే మందు రాసే డాక్టరు ఎవరన్నదే ఆ వ్యవధిని ఎక్కువగా నిర్ణయించింది. యూరప్‌లో 2016–17లో లక్ష మందికి పైగా వృద్ధులను ఒక్క రోజు లెక్కతో చూసిన సర్వేలో, ఆ రోజున 4.9 శాతం మంది ఇటువంటి మందుల మీద ఉన్నారు. వాటిలో దాదాపు 29 శాతం మందులు జబ్బు నయం చేయడానికి కాక జబ్బు రాకుండా ఇస్తున్నవి. ఆ ముందుజాగ్రత్త మందుల్లోనూ దాదాపు నాలుగింట మూడు వంతులు మళ్లీ మూత్రనాళం కోసమే. నెలల తరబడి వాడే నైట్రోఫ్యురాంటోయిన్ అనే మూత్రనాళ యాంటీబయాటిక్ ఊపిరితిత్తులను గట్టిపరచే ప్రమాదం ఉందని తెలిసి కూడా, ఎప్పుడో మొదలైన ఆ మాత్రను ఎవరూ ఆపకపోవడం వల్ల అది మందుల పట్టికలో ఏళ్లు గడుపుతుంది.

మార్చవచ్చని చూపిన ప్రయత్నాలూ ఉన్నాయి. ఒంటారియోలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ లోబ్, మరికొందరు నిపుణులు కలిసి, సంరక్షణ గృహాల్లో యాంటీబయాటిక్ మొదలుపెట్టడానికి కనీసం ఏ లక్షణాలు ఉండాలో 2001లో ప్రకటించారు. యూరిన్ పైపు లేనివారికి మూత్రంలో మంట కొత్తగా మొదలై ఉండాలి, లేదా జ్వరంతో పాటు ఆపుకోలేని తొందర, మాటిమాటికీ వెళ్లడం, పొత్తికడుపు నొప్పి, మూత్రంలో రక్తం, నడుము పక్కల నొప్పి, కొత్తగా మూత్రం మీద పట్టు తప్పడం వంటి వాటిలో ఒకటైనా ఉండాలి. పైపు ఉన్నవారికి జ్వరం, వణుకు, నడుము పక్కల నొప్పి, కొత్తగా మొదలైన డెలీరియం, వీటిలో ఒకటి ఉండాలి. మూత్రం వాసన, రంగు ఈ జాబితాలో లేవు. ఒంటారియోలోను, అమెరికాలోని ఐడహోలోను 24 గృహాల్లో ఈ పద్ధతిని పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించారు. మూత్రనాళ ఇన్ఫెక్షన్ అనుమానంతో రాసిన కోర్సులు, వృద్ధులు గృహంలో గడిపిన ప్రతి వెయ్యి రోజులకు, మామూలు పద్ధతి సాగిన గృహాల్లో 1.59 ఉండగా ఈ పద్ధతి పాటించిన గృహాల్లో 1.17, అంటే నాలుగో వంతుకు పైగా తక్కువగా ఉన్నాయి. ఆసుపత్రిలో చేరికల్లో గాని మరణాల్లో గాని చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇంగ్లండ్‌లో 65 ఏళ్లు దాటినవారికి రంగు పట్టీతో మూత్రనాళ ఇన్ఫెక్షన్‌ను నిర్ధారించవద్దన్న నియమం 2015లో జాతీయ ప్రమాణంగా వచ్చింది. మందును ఆపమనడం కంటే పరీక్షను ఆపమనడం తేలిక, ఫలితమూ దానిదే ఎక్కువ.

ఇదంతా చదివి యాంటీబయాటిక్ అంటేనే చెడ్డదని అనుకుంటే అది ఇంతకంటే పెద్ద పొరపాటు. ఇంగ్లండ్‌లో 65 ఏళ్లు దాటి మూత్రనాళ ఇన్ఫెక్షన్‌గా నమోదైన లక్షన్నర మందికి పైగా రికార్డులను పరిశీలించి 2019లో వెలువరించిన అధ్యయనంలో, వెంటనే మందు అందనివారిలో రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకడం, మరణాలు ఎక్కువగా కనిపించాయి. అది రికార్డుల ఆధారంగా చేసిన పరిశీలన కాబట్టి కారణాన్ని పూర్తిగా నిరూపించదు, అయినా లక్షణాలు ఉన్నవారి విషయంలో జాప్యం చేయవద్దన్న హెచ్చరికగా దాన్ని తీసుకోవాలి. న్యుమోనియా విషయంలో లోబ్ బృందమే 2006లో మరో సంగతి చూపింది. 22 గృహాల్లో జరిపిన ఆ పరీక్షలో, నిర్ణీత పద్ధతి ప్రకారం గృహంలోనే నోటి ద్వారా యాంటీబయాటిక్ ఇచ్చి కనిపెట్టి చూసినప్పుడు ఆసుపత్రికి తరలించవలసి వచ్చినవారు 10 శాతమే, మామూలు పద్ధతిలో ఆ సంఖ్య 22 శాతం. సరైన చోట సరైన సమయంలో ఇచ్చిన మందు ఆ వృద్ధుడిని అంబులెన్సు ప్రయాణం నుంచి, తెలియని వార్డులో తికమక పడటం నుంచి కాపాడింది. ఎవరికి అవసరమో విడదీసి చూడగలిగే నేర్పు గృహంలో ఉండాలన్నదే ఈ రెండు అధ్యయనాల సారం.

నీళ్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కాని చిన్నది కాదు. వయసుతో దాహం మొద్దుబారుతుంది, లేచి వెళ్లలేమన్న భయంతో చాలామంది తాగడమే తగ్గిస్తారు. ఇంగ్లండ్‌లో నాలుగు సంరక్షణ గృహాల్లో రోజుకు ఏడుసార్లు వేళ ప్రకారం పానీయాలు అందించే ఏర్పాటు చేసినప్పుడు యాంటీబయాటిక్ అవసరమైన మూత్రనాళ ఇన్ఫెక్షన్లు సగానికి పైగా తగ్గాయి. అది చిన్న ప్రయత్నం, పోల్చి చూడటానికి వేరే వర్గం లేదు. అయినా నష్టం లేని, ఖర్చు తక్కువైన పని కాబట్టి చేసి చూడదగ్గది.

అమెరికా ప్రభుత్వ బీమా నిధులు పొందే ప్రతి నర్సింగ్ హోంలోనూ యాంటీబయాటిక్ వాడకాన్ని నియంత్రించే కార్యక్రమం ఉండాలని 2017 నవంబరు 28 నుంచి నిబంధన అమలులోకి వచ్చింది. భారతదేశంలో అటువంటిది లేదు. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోని 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు ఉండేలా రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చని అంటుంది, వైద్య సహాయం కూడా అందులో భాగమని చెబుతుంది. యాంటీబయాటిక్ మాట దానిలో లేదు. 2014 మార్చి నుంచి అమలైన, ఔషధ నియమాల్లోని హెచ్1 షెడ్యూలు ప్రకారం సెఫిక్సైమ్ వంటి యాంటీబయాటిక్ మందులను చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే పుస్తకంలో నమోదు చేయాలి. ఆ నియమం మందుల షాపును చూస్తుంది, వృద్ధాశ్రమం గదిలో ఎవరికి ఎందుకు ఇచ్చారో చూడదు.

తెలుగు రాష్ట్రాల్లో చాలా ఆశ్రమాలకు వారానికో నెలకో వచ్చి చూసే డాక్టరు ఉంటారు, మిగతా రోజుల్లో ఫోనే ఆధారం. పిల్లలు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉండి వీడియో కాల్‌లో అమ్మ ముఖం చూసి నీరసంగా ఉందంటే, ఏదో ఒకటి చేసి చూపాలన్న ఒత్తిడి నిర్వాహకుల మీద పడుతుంది. ఆ ఒత్తిడి ప్రేమ నుంచి పుట్టినదే, కాని దాని కింద రాసే మందు ఆమెకు ఉపయోగపడేది కాకపోవచ్చు. ఇక్కడి ప్రమాదం కెనడా కంటే ఎక్కువ కూడా. భారత వైద్య పరిశోధన మండలి నివేదికల ప్రకారం మన ఆసుపత్రుల్లో సేకరించిన, మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు ఎక్కువగా కారణమయ్యే ఇ. కోలై బ్యాక్టీరియాలో చాలా భాగం ఇప్పటికే సిప్రోఫ్లోక్సాసిన్‌కు లొంగడం లేదు. మాత్రలు విఫలమైతే మిగిలేవి సూది మందులు. ఒక్కో డోసుకూ నరం దొరకని చేతిని మళ్లీ మళ్లీ పొడవాలి, అమికాసిన్ వంటివైతే మూత్రపిండాలనూ వినికిడినీ కాపాడుకుంటూ వాడాలి.

ఆశ్రమ నిర్వాహకులు గాని కుటుంబసభ్యులు గాని ఈ వారమే చేయగలిగిన పని ఒకటుంది. ఆరోగ్య శిబిరాల్లోను, ఏడాదికోసారి చేయించే చెకప్ ప్యాకేజీల్లోను సీయూఈ అనే పూర్తి మూత్రపరీక్ష ఉంటుంది. ఏ బాధా లేని వృద్ధుల్లోనూ అది పస్ సెల్స్‌ను చూపుతుంది, ఆ వెంటనే కల్చర్, ఆ తరువాత ఐదు రోజుల మాత్రలు. షుగరు వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్నాయేమో తెలుసుకోవడానికి మూత్రంలో ప్రొటీన్ చూడటం అవసరమే, దాన్ని చేయించవచ్చు. కాని మంట, జ్వరం, నొప్పి లేనివారి రిపోర్టులో పస్ సెల్స్ ఎన్ని ఉన్నా, మందు మొదలుపెట్టే ముందు డాక్టరును ఒక ప్రశ్న అడగాలి: "ఈ రిపోర్టు రాకముందు ఈమెకు ఏ జబ్బు ఉంది?" ఒంటారియో ప్రజారోగ్య సంస్థ తన గృహాలకు ఇచ్చిన సూచనల్లో, లక్షణాలు లేనివారికి చేరికప్పుడూ ఏటా చేసే మూత్రపరీక్షలను మానేయమని రాసింది. మన చెకప్ ప్యాకేజీల జాబితాలు అచ్చువేసేవారు ఇంకా ఆ సూచన దగ్గరకు రాలేదు.